ఈ యేడు వాడకం: రెండు

వాల్దీవియాలో డిసెంబరంటే ఎండాకాలం.
రాత్రి తొమ్మిదవుతున్నా నది మీద వెలుతురు వాడదు.
చేపల బజారు వెనక సముద్రసింహాలు
తలకాయల కోసం ఇంకా రంకెలేస్తున్నాయి.
నా బల్ల మీదా తలకాయల లెక్కే,
ఏది ఉంచాలి, ఏది కోయాలి.

మూడు వందల పన్నెండు పత్రికలు.
పేరు, ధర, గడువు, వాడకం.
డాలరు ఒక మెట్టెక్కితే
మా పెసో రెండు మెట్లు జారుతుంది,
నేను ఒక గడికి ఎర్రరంగు వేస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో
పత్రికలు ఓడలో వచ్చేవి,
తడిసిన సంచుల్లో, ఆలస్యంగా,
ఒక్కోసారి ఒకే సంచిక రెండేసి.
దోన్యా ఎడెల్మీరా వాటిని దారంతో కుట్టి, అట్టకట్టి
వెన్ను మీద బంగారు అంకెలు అద్దేది.
చందా ఆగిపోయినా
వచ్చినవి వచ్చినట్టే అరల్లో ఉండిపోయేవి,
పెళ్లికొచ్చి వెళ్లడం మరిచిన చుట్టాల్లా.

ఇప్పుడు మేం కొనడం లేదు.
కౌలుకు తీసుకుంటున్నాం.
ఏటేటా శిస్తు కట్టి
పరాయి చేలో పరిగె ఏరుకుంటున్నాం.
మా అడవి మీద, మా వానలో తడిసి
మా వాళ్లే రాసిన వ్యాసాన్ని
మేమే అద్దెకు తెచ్చుకుంటున్నాం.
ఈ మాట కంపెనీ ప్రతినిధితో అంటే
తెర మీద చల్లగా నవ్వాడు.
"ప్యాకేజీగా తీసుకోండి సెన్యోరా ఎర్సీరా, కలిసొస్తుంది."
పాడి ఆవు కావాలంటే
వట్టిపోయిన పదకొండింటినీ తోలుకెళ్లమనడం అది.

రెండు వందల పన్నెండో వరుస.
దక్షిణపు నాచుమొక్కల మీద ఒక త్రైమాసిక.
ధర పద్నాలుగు వందల ఎనభై డాలర్లు.
ఈ యేడు వాడకం: రెండు.
ఒక్కో చదువుకీ ఏడు వందల నలభై.
ఐదుకి లోపుంటే కోత అన్న నియమం
నేను రాసిందే. మీటింగులో అందరూ తలలూపిందే.

అయినా చెయ్యి ఆడలేదు.
ఎవరా ఇద్దరు?
చిలోయే దీవిలో నత్తనడక ఇంటర్నెట్టు ముందు
పేజీ తెరుచుకునేదాకా సాక్సు అల్లుకునే పిల్లా?
కళ్లు మసకేసిన మాజీ ఆచార్యుడా?
నాతనియేల్‌ని అడిగి చిట్టా తీయించాను.
మాతే గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చాడు.
"మార్చి నాలుగు. ఆగస్టు పంతొమ్మిది.
రెండుసార్లూ ఒకే కంప్యూటర్."
వంగి, నా బల్ల కింద అంటించిన చీటీ చదివాడు.
మరేం అనకుండా గ్లాసు నాకిచ్చాడు.

అవును, నేనే.
డబ్బు కట్టాక ఒకసారి, చలికాలంలో ఒకసారి
తలుపు తెరుచుకుంటోందో లేదో చూస్తాను.
ఎప్పుడూ అదే వ్యాసం, బొమ్మ బాగుంటుందని.
మొదటి పేజీ రాగానే "పనిచేస్తోంది" అని రాసుకుని
మూసేస్తాను.
తాళం లాగి చూసే కాపలాదారు తప్ప
ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లే లేరు.

రేపు మధ్యాహ్నానికి జాబితా పంపాలి.
ఈ రాత్రి మళ్లీ తెరిచాను. రెండో పేజీకి వెళ్లాను.
ఎండి బూడిదరంగు తిరిగిన నాచుని
కాగితపు పొట్లంలో తొమ్మిదేళ్లు మరిచిపోయారట.
ఎవరో చేతులు కడుక్కుంటుంటే చుక్క నీరు పడింది.
కాఫీ చల్లారేలోపు పచ్చబడింది.
పదకొండు పేజీలూ చదివాను.
చివర, అలవాటు ప్రకారం,
"మరింత పరిశీలన అవసరం".

మూడు.

కింద గుమ్మం దగ్గర దోన్ ఎరిబెర్తో
రేడియో గొంతు తగ్గించి కునుకు తీస్తున్నాడు.
"నీళ్లు తగిలితే లేచి కూర్చునే నాచు గురించి
ఎప్పుడైనా విన్నారా?" అన్నాను.
"మా రేకుల మీద ఉన్నదంతా అదేగా,
ఏటా గీకలేక చస్తున్నా" అన్నాడు.
కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని
తెర ముందు కూర్చున్నాడు.
ఒక్కో వరుస కింద వేలు నడిపిస్తూ,
లాటిన్ పేరొచ్చినచోట ఆగి, గొణిగి, దాటుతూ.

లెక్కకి ఒక్క నొక్కు చాలని
నేను ఆయనకి చెప్పలేదు.